‘ఐ’ వెనుక ‘హూ’ ఎందుకు నిలవదు?

మా అన్నయ్య కొడుకు కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు పై అధికారికి రాసిన ఒక ఈమెయిలు నాకు చూపించాడు. అందులో ఒక వాక్యం ఇలా ఉంది: “హి హూ స్పోక్ టు యు ఇన్ ది మీటింగ్ ఈజ్ మై టీమ్ లీడర్.” అది చదివి పక్క బల్ల దగ్గర కూర్చునే ఆమె నవ్విందట. “దేవుడు కొండమీద నుంచి చెబుతున్నట్టుంది” అందట. వాడికి ఆమె నవ్వినందుకు కోపం రాలేదు, ఎందుకు నవ్విందో చెప్పలేకపోయినందుకు వచ్చింది. “బాబాయ్, ‘హి’ సర్వనామం. ‘హూ’ సంబంధ సర్వనామం. క్రియ కూడా సరిగ్గానే ఉంది కదా. మరి తప్పేమిటి?”

“తప్పు లేదు కానీ అలా ఎవరూ అనరు” అనేది జవాబు కాదు. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు రానివాళ్ల నోరు మూయించడానికి వాడే మాట అది. వాడి ప్రశ్న న్యాయమైనది. పాఠశాల వ్యాకరణం ప్రకారం సంబంధ ఉపవాక్యం, అంటే ‘హూ’ లాంటి మాటతో వచ్చి అతుక్కునే చిన్న వాక్యం, తనకు ముందున్న నామవాచకాన్ని గానీ సర్వనామాన్ని గానీ విశేషిస్తుంది. వాడు సర్వనామం పెట్టాడు, దాని వెనుక ఉపవాక్యం పెట్టాడు. సూత్రం పాటించాడు, నవ్వులపాలయ్యాడు. అంటే సూత్రంలోనే ఏదో దాగి ఉంది.

నా పేచీ ఆ సూత్రంలోని ‘సర్వనామాన్ని గానీ’ అన్న మాటతో. ఈనాటి మామూలు ఇంగ్లీషులో సర్వనామాలన్నీ ఉపవాక్యాన్ని ఒకేలా మోయవు. ‘సమ్‌వన్’, ‘ఎనీవన్’, ‘దోజ్’, ‘ఎవ్రీథింగ్’ లాంటివి ఎంత పొడవైన ఉపవాక్యాన్నయినా అవలీలగా మోస్తాయి. ‘ఐ’, ‘యు’, ‘హి’, ‘షి’, ‘దే’ మొరాయిస్తాయి. ‘ఇట్’ సంగతి పూర్తిగా వేరు, దానితో వచ్చే ఉపవాక్యం జాతే వేరు. మనం పిల్లలకు నేర్పేదేమో ‘హూ’ పెట్టాలా, ‘విచ్’ పెట్టాలా, ‘దట్’ పెట్టాలా అని. రెండు వాక్యాలిచ్చి ‘కలిపి రాయండి’ అంటాం. పిల్లవాడి చూపంతా ‘హూ’, ‘విచ్’, ‘దట్’ అనే ఆ అతుకు మీదే ఉంటుంది. అతుకుకు ముందున్న మాట ఆ బరువు మోస్తుందా అని ఎవరూ అడగరు.

తెలుగు ‘వాడు’ చేసే రెండు పనులు

మా వాడికి ‘హి హూ’ ఎక్కడి నుంచి వచ్చిందో కనిపెట్టడం కష్టం కాదు. ‘మీతో మాట్లాడినవాడు’ అన్నది మనసులో ఉంది. తెలుగులో ఉపవాక్యం సర్వనామానికి ముందే వచ్చి దానికి అతుక్కుపోతుంది. వచ్చినవాడు, అడిగినవారు, చెప్పింది, కావలసినవి. ఇవి లేకుండా పూట గడవదు. అయితే ‘వచ్చినవాడు’లోని ‘వాడు’ ఎవరినీ వేలెత్తి చూపదు. మనిషి గుర్తును ‘వచ్చిన’ అన్న మాటే చెబుతుంది, ‘వాడు’ ఆ గుర్తుకు ఒక మనిషి ఆకారం ఇస్తుంది, అంతే. అదే “వాడు వచ్చాడు” అంటే, వాడెవడో వినేవారికి ముందే తెలిసి ఉండాలి.

ఒకే మాట రెండు పనులు చేస్తోంది. ఇంగ్లీషు ‘హి’ ఈ రోజుల్లో రెండో పని మాత్రమే చేస్తుంది. ‘హి’ అని వినగానే అవతలివారు “ఎవరో తెలిసిన మనిషి” అని ఖాయం చేసుకుంటారు. వెంటనే “ఏ మనిషంటే...” అని ఉపవాక్యం మొదలైతే ఆగిపోతారు. తెలిసినవాడికి మళ్లీ ఆనవాలు ఎందుకు? అక్కడ పుట్టింది ఆ నవ్వు.

మొదటి పనికి ఇంగ్లీషు వేరే మాటలను పెట్టుకుంది. ఫలానా మనిషైతే ‘ది వన్ హూ’ లేదా ‘ది మ్యాన్ హూ’. ఎవరైనా సరే అయితే ‘ఎనీవన్ హూ’. ఎవరో ఒకరైతే ‘సమ్‌వన్ హూ’. పలువురైతే ‘దోజ్ హూ’. ఇక్కడొక చిత్రమైన ఖాళీ ఉంది. ‘దోజ్’ నిజానికి దూరంగా ఉన్నవాటిని చూపే మాట. కానీ ‘హూ’కు ముందు నిలబడగానే ఆ దూరం పోతుంది, అచ్చం మన ‘అడిగినవారు’లోని ‘వారు’లా పనిచేస్తుంది. దాని ఏకవచనం ‘దట్’ మనుషుల విషయంలో ఆ పని చేయదు. ‘దట్ హూ’ అనే మాటే లేదు. ‘అడిగినవారు’ అంటే ‘దోజ్ హూ ఆస్క్‌డ్’ అయినప్పుడు ‘అడిగినవాడు’ ‘హి హూ ఆస్క్‌డ్’ కావాలి కదా అని ఎవరికైనా తోస్తుంది. తర్కం సరైనదే. భాషే ఆ తర్కానికి కట్టుబడలేదు.

వస్తువుల విషయంలో మనవాళ్లు ఇంకో గుంటలో పడతారు. ‘మీరు చెప్పింది నిజమే’ అనడానికి “విచ్ యు టోల్డ్ ఈజ్ కరెక్ట్” అంటారు. ఎంతో చదువుకున్నవారి నోట కూడా ఇది విన్నాను. ఇక్కడ అతుకు ఉంది, అతకవలసిన తల, అంటే ఉపవాక్యాన్ని మోసే మాట, లేదు. ఇదే మనిషి మరోసారి “ఆల్ వాట్ హి సెడ్” అంటాడు. అక్కడ తల రెండుసార్లు వచ్చింది. ఎందుకంటే ‘వాట్’ తనలోనే సర్వనామాన్నీ అతుకునూ రెండింటినీ దాచుకున్న మాట. భాషావేత్తలు హడిల్‌స్టన్, పులమ్ ల ఆధ్వర్యంలో 2002లో వెలువడిన కేంబ్రిడ్జ్ ఇంగ్లీషు వ్యాకరణం దీన్ని రెండూ కలిసిపోయిన సంబంధ నిర్మాణంగానే వివరిస్తుంది. ‘వాట్ హి సెడ్’ అంటే చాలు, అదే ‘అతను చెప్పింది’. ‘ఆల్’ కావాలంటే ‘ఆల్ దట్ హి సెడ్’ అనాలి. మామూలుగా మాట్లాడేటప్పుడు ‘ఎవ్రీథింగ్ హి సెడ్’ అంటారు, అతుకు కూడా మాయమవుతుంది.

ఈ మాయం కావడాన్ని మనం తరగతిలో సరిగ్గా చూపించం. ‘సమ్‌వన్ ఐ నో’, ‘ఎనీథింగ్ యు వాంట్’, ‘ఆల్ ఐ కెన్ సే’. రోజువారీ మాటల్లో సర్వనామం వెనుక వచ్చే ఉపవాక్యాలు చాలావరకు ఇలా ఏ అతుకూ లేకుండానే వస్తాయి. ఒక షరతు మాత్రం ఉంది. ఆ సర్వనామం ఉపవాక్యంలో కర్తగా ఉంటే అతుకు వదలకూడదు. ‘సమ్‌వన్ హూ నోస్ మీ’లో ‘హూ’ తీసేస్తే ప్రామాణిక ఇంగ్లీషులో వాక్యం నిలవదు. అతుకు ఏది అన్నదాని మీద ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి, అతుకే లేని వాక్యాలను పక్కన పెట్టడం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

గడ్డకట్టిన ‘హి హూ’

“సామెతల్లో ఉంది కదా” అన్నాడు మా వాడు. ఉంది. “హి హూ లాఫ్స్ లాస్ట్ లాఫ్స్ లాంగెస్ట్.” ప్రాచీన ఆంగ్లంలో ‘సె థె’ అని దాదాపు ఇదే అర్థమిచ్చే జంట ఉండేది. 1611 నాటి ఆంగ్ల బైబిలు అనువాదం నిండా ‘హి దట్’ కనిపిస్తుంది. యోహాను సువార్త 8వ అధ్యాయంలోని ప్రసిద్ధ వాక్యం అందులో “హి దట్ ఈజ్ వితౌట్ సిన్ అమాంగ్ యు, లెట్ హిమ్ ఫస్ట్ కాస్ట్ ఎ స్టోన్ ఎట్ హర్” అని ఉంటుంది. ముందు ‘హి దట్’ అని మనిషిని నిలబెట్టి, తరువాత ‘హిమ్’ అని మళ్లీ అందుకుంటుంది. మన “మీలో పాపం లేనివాడు ఎవడో, వాడు మొదటి రాయి వేయాలి” అన్న తీరు.

తర్వాతి వాళ్లు దీన్ని కుదించి వాడడం మొదలుపెట్టారు. అక్కడే అసలు వినోదం. ‘లెట్’ తర్వాత ‘హిమ్’ రావాలి, కాబట్టి “లెట్ హిమ్ హూ ఈజ్ వితౌట్ సిన్” అనాలి. కానీ ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారు కూడా తరచూ “లెట్ హి హూ ఈజ్ వితౌట్ సిన్” అంటారు, రాస్తారు. వీళ్లే “లెట్ హి గో” అని కలలో కూడా అనరు. దీన్ని అజ్ఞానం అని తోసిపుచ్చడం సులువు. నాకు మాత్రం ఇది మంచి సాక్ష్యంగా కనిపిస్తుంది. వారి చెవికి ‘హి హూ’ రెండు మాటలు కాదు, గడ్డకట్టిన ఒకే మాట. ‘హి’ని విడదీసి విభక్తి మార్చవచ్చన్న స్పృహే పోయింది. సామెతలోనో శాసనంలోనో ఉండే మాటలా అది మిగిలిపోయింది. అలాంటి మాటను తీసుకొచ్చి టీమ్ లీడర్‌కు తగిలిస్తే ఆయనకు గడ్డం, చేతికర్ర మొలుస్తాయి మరి.

అదే బైబిలు అనువాదంలో పరలోక ప్రార్థన ‘అవర్ ఫాదర్ విచ్ ఆర్ట్ ఇన్ హెవెన్’ అని మొదలవుతుంది. తండ్రికి ‘విచ్’! మనుషులకు ‘హూ’, వస్తువులకు ‘విచ్’ అని పలక మీద చెక్కినట్టు చెప్పే సూత్రం నాలుగు వందల ఏళ్ల కిందట అంత గట్టిది కాదు. మనం ఏ అతుకు చుట్టూ ఇంత హడావిడి చేస్తున్నామో అది కూడా మారుతూ వచ్చినదే.

‘ఏమీ తెలియని నాకు’

‘హి’ కన్నా ‘ఐ’ ఇంకా మొండిది. తెలుగులో ‘ఏమీ తెలియని నాకు’, ‘ఇంత దూరం నడిచివచ్చిన మేము’, ‘నిన్ననే చేరిన మీరు’ అని ఎంత సహజంగా అంటామో చూడండి. ఇందులో ఆడంబరం లేదు. వీటిని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి దింపితే ‘ఐ, హూ నో నథింగ్’, ‘యు, హూ జాయిన్డ్ ఓన్లీ ఎస్టర్‌డే’ అవుతుంది. వ్యాకరణం ఒప్పుకుంటుంది. కామాలు ఉండాలి, క్రియ ‘ఐ’కి తగ్గట్టు ఉండాలి, అంటే ‘ఐ, హూ హ్యావ్’ అనాలి, ‘హూ హ్యాజ్’ కాదు. అన్నీ సరిచూసుకుని రాసినా చివరికి అది వేదిక మీద గొంతు పెంచినట్టు వినిపిస్తుంది. ఆగ్రహానికో ఆక్రోశానికో సరిపోతుంది, సెలవు చీటీకి సరిపోదు.

కారణం ‘హి’ దగ్గర చెప్పుకున్నదే, ఇక్కడ ఇంకా బలంగా ఉంది. ‘నేను’ అన్నాక నేనెవరో తేల్చడానికి ఏమీ మిగలదు. కనుక ఉపవాక్యం గుర్తు చెప్పడానికి కాక బరువు పెంచడానికే వస్తుంది. మరి మామూలు ఇంగ్లీషు ఏం చేస్తుంది? వాక్యాన్ని రెండు చేస్తుంది. ‘ఏమీ తెలియని నన్ను అడిగారు’ అనడానికి “ఐ నో నథింగ్ అబౌట్ ఇట్, అండ్ దే ఆస్క్‌డ్ మీ” అంటుంది. తెలుగు ఒక మాటలో ఇమిడ్చినదాన్ని అది ‘అండ్’తోనో ‘బట్’తోనో పక్కపక్కన పెడుతుంది. వాక్యాలను కలపడమే ప్రతిభ అని నేర్చుకున్న మనకు విడదీయడం చిన్నతనంగా అనిపిస్తుంది.

అయితే ఇంగ్లీషు ఇక్కడ మనకు లేని ఒక సౌకర్యం సంపాదించుకుంది. ‘రాత్రిపూట పనిచేసే మాకు’ అంటే మేమందరం రాత్రిపూట పనిచేసేవాళ్లమా, మాలో కొందరమేనా? తెలుగు వాక్యం చెప్పదు, సందర్భం చెప్పాలి. ఇంగ్లీషులో అందరూ అయితే ‘అస్, హూ వర్క్ నైట్స్’, కొందరే అయితే ‘దోజ్ ఆఫ్ అస్ హూ వర్క్ నైట్స్’. గుర్తు చెప్పే ఉపవాక్యాన్ని ‘అస్’ నేరుగా మోయలేదు కాబట్టి మధ్యలో ‘దోజ్’ను పిలుచుకుంది. పని పూర్తిచేసిన పిల్లలను పంపేటప్పుడు ఉపాధ్యాయురాలు ‘యు హూ హ్యావ్ ఫినిష్డ్’ అనదు, ‘దోజ్ ఆఫ్ యు హూ హ్యావ్ ఫినిష్డ్’ అంటుంది. చాలా మామూలు మాట ఇది. మన అభ్యాస పుస్తకాల్లో మాత్రం అరుదుగా కనిపిస్తుంది.

‘ఇట్’ దారి వేరు

ఇంతవరకు చెప్పిన ఉపవాక్యాలు సర్వనామానికి గుర్తు చెప్పేవి, లేదా బరువు పెంచేవి. ‘ఇట్’ వెనుక వచ్చేది ఈ రెండూ చేయదు. తానే ఆ ‘ఇట్’ అవుతుంది. “ఇట్ ఈజ్ క్లియర్ దట్ హి లైడ్” అంటే స్పష్టంగా ఉన్నది ఏది? అతను అబద్ధమాడాడన్న సంగతి. ఆ సంగతి పొడవుగా ఉంది కాబట్టి చివరకు వెళ్లి, ముందు చోటు ఖాళీగా ఉండకుండా ‘ఇట్’ను కూర్చోబెట్టింది. కర్త స్థానంలో ఇది మనవాళ్లు బాగానే పట్టుకుంటారు. తడబడేది కర్మ స్థానంలో.

“ఐ వుడ్ అప్రీషియేట్ ఇఫ్ యు కుడ్ రిప్లై.” ఈ వాక్యం రాయని ఉద్యోగి లేడేమో. ‘అప్రీషియేట్’ తర్వాత ‘ఇట్’ ఉండాలి. ఆ క్రియకు కర్మ కావాలి, ‘ఇఫ్’తో మొదలయ్యే ఉపవాక్యమేమో షరతు చెప్పేదే తప్ప కర్మ కాలేదు. మనకు ఆ లోటు ఎందుకు కనబడదంటే, మన మనసులోని వాక్యం ‘మీరు జవాబిస్తే సంతోషిస్తాను’. ‘సంతోషించు’కు కర్మ అక్కర్లేదు, అక్కడ ఖాళీయే లేదు. ‘ఐ హేట్ ఇట్ వెన్ పీపుల్ షౌట్’, ‘ఐ లైక్ ఇట్ వెన్ యు సింగ్’ కూడా ఈ కోవలోవే. ‘వెన్’ కాలం చెబుతుంది, ద్వేషించే వస్తువును చెప్పదు. ఆ వస్తువు స్థానంలో ‘ఇట్’ ఉండాలి.

‘సీ టు ఇట్ దట్’ అన్నది ఇంకా ముచ్చటైనది. ఇంగ్లీషులో ‘టు’ లాంటి విభక్తి మాటల వెనుక ‘దట్’ ఉపవాక్యం సాధారణంగా నేరుగా రాదు. ఆ రెంటి మధ్య ‘ఇట్’ను పెడితే ఇద్దరికీ రాజీ కుదురుతుంది. ‘రూమర్ హ్యాజ్ ఇట్ దట్’లో ఆ ‘ఇట్’ ఎంత పాతుకుపోయిందంటే, తీసేస్తే వాక్యమే కూలిపోతుంది. ఇక ‘ఇట్స్ నాట్ దట్ ఐ డోంట్ లైక్ హిమ్’ అనే వాక్యం వినని రోజు ఉండదు. మన ‘అతనంటే ఇష్టం లేక కాదు’కు సరిగ్గా సరిపోయే వాక్యం అది. వ్యాకరణ పాఠాల్లో దీనికి చోటు దొరకదు, ఎందుకంటే ‘సర్వనామం తర్వాత ఉపవాక్యం’ అనగానే అందరికీ ‘హూ, విచ్’ గుర్తుకొస్తాయి.

ఇంత పట్టింపు అవసరమా?

నా స్నేహితురాలొకామె, భాష నేర్పడమే వృత్తిగా ఉన్నావిడ, ఇదంతా విని “అర్థమైతే చాలదా?” అంది. “‘హి హూ స్పోక్’ అంటే ఎవరికి అర్థం కాలేదు? నవ్విన ఆవిడకు కూడా అర్థమైంది కదా.” దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదని ఒప్పుకోవాలి. ఇంకో మాట కూడా అంది: “‘అప్రీషియేట్ ఇఫ్’ అని ఇప్పుడు ఇంగ్లీషువాళ్లే రాస్తున్నారు.” నిజమే, రాస్తున్నారు, ముఖ్యంగా తొందరలో రాసే ఉత్తరాల్లో. ఇంకొన్నాళ్లకు ఆ ‘ఇట్’ రాలిపోతే నేను ఆశ్చర్యపోను. ‘ఎనీవన్ హూ లాస్ట్ దెయిర్ కీ’ అంటే మా ఉపాధ్యాయులు ‘దెయిర్’ను కొట్టేసి ‘హిజ్’ రాసేవారు. ఇప్పుడు ‘హిజ్’ రాస్తేనే వింతగా చూస్తారు.

కానీ ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడానికి నాకు మనసొప్పదు. ‘ఇట్’ వదిలేయడం మాట జారడం లాంటిది, ఎవరూ పట్టించుకోరు. ‘విచ్ యు టోల్డ్’ అసలు వాక్యమే కాదు, వినేవారు మనసులో దాన్ని సరిచేసుకోవాలి. ‘హి హూ’ ఈ రెండూ కాదు. అది సరైన వాక్యమే, కానీ రాసినవాడు కోరని గొంతుతో మాట్లాడుతుంది. మూడింటిలో నన్ను ఎక్కువ బాధించేది ఇదే. తప్పు రాస్తే దిద్దేవాళ్లు దొరుకుతారు. ఒప్పు రాసి వింతగా వినిపించేవాడికి ఎవరూ ఏమీ చెప్పరు. వెనుక నవ్వుకుంటారు. మా వాడికి ఇంకా నయం, ముఖం మీదే నవ్వే మనిషి దొరికింది.

‘చెప్పింది నువ్వే’ అన్నప్పుడు

నా వాదానికి అడ్డుతగిలే వాక్యం ఒకటి మిగిలింది. “ఇట్ వాజ్ యు హూ సెడ్ సో.” ఇక్కడ ‘యు’ వెనుక ‘హూ’ ఏ ఆడంబరమూ లేకుండా నిలబడింది. ‘ఇట్స్ మీ హూ కాల్డ్’, ‘ఇట్ వాజ్ దెమ్ దట్ స్టార్టెడ్ ఇట్’ కూడా అంతే. మోయలేవన్న సర్వనామాలే మోస్తున్నాయి కదా?

చూడడానికి అలాగే ఉంటుంది. తెలుగులో పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ‘అలా చెప్పింది నువ్వే.’ మనం ఉపవాక్యాన్ని ముందే ‘చెప్పింది’ అని ముగించి, ‘నువ్వే’ను చివర పెడతాం. ‘చెప్పింది’ ఇక్కడ ‘నువ్వు’కు విశేషణం కాదు. ‘చెప్పిన నువ్వు’ వేరు, ‘చెప్పింది నువ్వే’ వేరు. ఇంగ్లీషులోనూ ఆ ‘హూ సెడ్ సో’ ‘యు’ను విశేషించడం లేదు. చెప్పిన మనిషి ఒకరున్నారని ముందే ఒప్పుకుని, ఆ మనిషి ఎవరో ‘యు’ అని తేలుస్తోంది. తెలుగులో ముందు వచ్చే భాగం ఇంగ్లీషులో వెనుక వస్తుంది, ముందు చోట్లో మళ్లీ మన పాత ‘ఇట్’ కూర్చుంటుంది. అందుకే ఇక్కడ ‘యు’ మొరాయించదు, దాని నెత్తిన బరువే లేదు.

కానీ పక్కపక్కన ఉన్నందుకు క్రియ మాత్రం తికమక పడుతుంది. తప్పు నాదేనని చెప్పాలనుకోండి. శాస్త్రబద్ధంగా “ఇట్ ఈజ్ ఐ హూ యామ్ టు బ్లేమ్” అనాలి. అలా అన్నవారిని నేను జీవితంలో కలవలేదు. “ఇట్స్ మీ హూ ఈజ్ టు బ్లేమ్” అంటే చెవికి బాగుంటుంది, కానీ ‘మీ’కి ‘ఈజ్’ ఏమిటని లోపలి పంతులు అడుగుతాడు. “ఇట్స్ మీ హూ యామ్” అంటే రెండు విధాలా చెడుతుంది. పండితులు మొదటిదాన్ని లాంఛనప్రాయమైన శైలికి, రెండోదాన్ని మాటల శైలికి కేటాయించి ఊరుకున్నారు. మాట్లాడేవాళ్లు మాత్రం చాలాసార్లు ఈ గొడవలో దిగనే దిగరు. “ఐ యామ్ ది వన్ హూ ఈజ్ టు బ్లేమ్” అంటారు. ‘ఐ’ తన ‘యామ్’ తీసుకుని పక్కకు తప్పుకుంటుంది. ఉపవాక్యం ‘ది వన్’ వెనుక చేరి, ప్రథమ పురుషలోని ‘ఈజ్’తో హాయిగా సర్దుకుంటుంది.